రెండు రోజుల్లో ఒక్కరూ పలకరించిన పాపాన పోలేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్తే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఆరేళ్లుగా ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ కమ్యూనిటీలో వాలంటీర్‌గా ఉన్నాను. ఏడాదికోసారి రెండు రోజుల కాన్ఫరెన్స్ పెడతాం. నాలుగు వందల మంది దాకా వస్తారు. సగం మంది మొదటిసారి వచ్చేవాళ్లే, కానీ మరుసటి ఏడు వాళ్లలో పదిమంది కూడా కనబడరు. ఈసారి ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఎవరో పేరు లేకుండా ఇలా రాశారు: "టాక్స్ బాగున్నాయి. భోజనం బాగుంది. రెండు రోజుల్లో నాతో మాట్లాడింది బ్యాడ్జ్ ఇచ్చిన అమ్మాయి ఒక్కతే." అది చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు. టీమ్ మీటింగ్‌లో చదివి వినిపిస్తే, చొరవ కొత్తవాళ్లే చూపించాలి, మనమూ అలాగే వచ్చాం కదా అన్నారు కొందరు. వచ్చే ఏడు కొత్తవాళ్లకు వేరే రంగు బ్యాడ్జ్ ఇచ్చి, పొద్దున్నే ఒక ఐస్‌బ్రేకర్ గేమ్ ఆడిద్దాం అన్నారు ఇంకొందరు. నాకు రెండూ నచ్చలేదు, అలాగని ఏం చేయాలో తోచడం లేదు. నిజం చెప్పాలంటే కొత్తవాళ్లతో మాట కలపాలంటే నాకే మొహమాటం. ఏం చేయమంటారు?
— ఒక వాలంటీర్, హైదరాబాద్

సమాధానం: ఆ ఫారం రాసినవాళ్లకు ముందుగా నా తరఫున ఒక దండం. మూడు ముక్కల్లో మీ కాన్ఫరెన్స్ మొత్తం చెప్పేశారు. భోజనం బాగుందని కూడా రాశారంటే కోపం మీద రాసింది కాదు.

మన పెళ్లిళ్లలో ఇలాంటి మనిషి ఒకరు కనిపిస్తుంటారు. ఆఫీసులో స్నేహితుడు పిలిచాడని వస్తాడు. పెళ్లికొడుకు తప్ప ఎవరూ తెలియదు. చివరి వరసలో కుర్చీ చూసుకుని ఫోన్ తీస్తాడు. స్టేజీ మీద రద్దీ తగ్గాక అక్షింతలు వేసి, కవరు చేతికిచ్చి, ఫొటో దిగి, భోంచేసి వెళ్లిపోతాడు. మర్యాదకు లోటేమీ జరగలేదు. గుమ్మం దగ్గర పన్నీరు చల్లారు, గంధం పూశారు. కానీ ఆ పూట అతనికి గుర్తుండేలా చేసేది ఎవరో ఒక పెద్దాయన. పక్క కుర్చీ లాక్కుని కూర్చుని, "బాబూ, మీరు అబ్బాయి తరఫా, అమ్మాయి తరఫా?" అని మొదలుపెట్టి, అరగంటలో అతని ఊరు, ఇంటిపేరు, తాతగారి వృత్తి దాకా లాగేస్తాడు. మీ కాన్ఫరెన్స్‌లో పన్నీరు ఉంది, గంధం ఉంది, ఆ పెద్దాయనే లేడు.

నా సంగతి చెబుతాను. నా మొదటి కాన్ఫరెన్స్ బెంగళూరులో. రాత్రి బస్సు దిగి నేరుగా హాల్‌కే వెళ్లాను, భుజాన బ్యాగుతో. టాక్ నడుస్తున్నంతసేపూ బాగానే ఉండేది. టీ విరామం అంటేనే భయం. అందరూ అయిదుగురు, ఆరుగురు గుంపులుగా విడిపోయి నవ్వుకుంటుంటే నేను మూడోసారి కాఫీ పట్టుకున్నాను. అవసరం లేని ఒక స్పాన్సర్ కంపెనీ బ్రోచర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. ఫోన్‌లో చార్జింగ్ అయిపోవస్తోంది, అది కూడా లేకపోతే చూపు ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాలేదు. మధ్యాహ్నం సెషన్ ఎగ్గొట్టి బస్టాండ్‌కి వెళ్లిపోదామని గుమ్మం దాకా వచ్చాను. అక్కడ స్టూలెక్కి నిలబడి ఒకామె బ్యానర్‌తో కుస్తీ పడుతోంది. టేపు ఊడిపోయి ఒక పక్క వేలాడుతోంది. నన్ను చూసి, "ఆ కొస కాస్త పట్టుకుంటారా?" అంది. పట్టుకున్నాను. "పై అంతస్తులో ఇంకో రెండున్నాయి, వస్తారా?" అంది. వెళ్లాను. సాయంత్రానికి నాకు ఆరుగురి పేర్లు తెలుసు, నా పేరు పదిమందికి తెలుసు. ఆ రెండు రోజుల్లో నాకెవరూ స్వాగతం చెప్పలేదు. చేతికి ఒక టేపు చుట్ట ఇచ్చారు, అంతే. నేను మళ్లీ మళ్లీ వెళ్లడానికి కారణం ఆ టేపు చుట్టే.

ఇక మీవాళ్ల మొదటి మాట, "మనమూ అలాగే వచ్చాం" అన్నది. ఏరు ఈది ఒడ్డుకు చేరినవాళ్లను అడిగితే పెద్ద లోతేమీ లేదనే చెబుతారు. మధ్యలో వెనక్కి తిరిగినవాళ్లు మీ మీటింగ్‌లో ఉండరు కదా, వాళ్ల మాట ఎవరు చెబుతారు? ఒకరు ఫారంలో రాశారు, అదే మీ అదృష్టం.

పైగా ఇది కొత్తవాళ్ల బెరుకు ఒక్కటే కాదు. కొలంబియా యూనివర్సిటీకి చెందిన పాల్ ఇంగ్రామ్, మైఖేల్ మారిస్ 2007లో ఒక పరిశోధన ప్రచురించారు. వ్యాపార రంగంలో పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లను ఒక విందుకు పిలిచి, ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారో నమోదు చేసే ఎలక్ట్రానిక్ ట్యాగులు తగిలించారు. కొత్త పరిచయాలు చేసుకోవడం ముఖ్యమని విందుకు ముందు వాళ్లే చెప్పారు. తీరా చూస్తే, తమకు ముందే తెలిసినవాళ్ల దగ్గరికే ఎక్కువగా చేరారు. మాటలు అమ్ముకుని బతికేవాళ్ల పరిస్థితే అది. అలాంటప్పుడు నరసరావుపేటలో మూడో ఏడు చదువుతున్న కుర్రాడు వచ్చి మీ గుంపును చీల్చుకుని లోపలికి రావాలంటే ఎలా?

తప్పుగా అనుకోకండి గానీ, కాన్ఫరెన్స్‌లో అన్నిటికన్నా గట్టిగా మూసుకుపోయే గుంపు వాలంటీర్లదే. ఒకే రంగు టీషర్టులు, చెవిలో వాకీటాకీ, ఏడాది తరవాత కలిసిన ఆనందం, పాత జోకులు. దూరం నుంచి చూసేవాళ్లకు అది గోడలా కనిపిస్తుంది. మీరు కలుసుకోవద్దని కాదు. ముందు రోజు రాత్రి మీకు మీరే బిర్యానీ పెట్టుకుని తెల్లవార్లూ మాట్లాడుకోండి. కాన్ఫరెన్స్ నడిచేటప్పుడు మాత్రం పని లేకుండా రెండు టీషర్టులు ఒకచోట అయిదు నిమిషాలకు మించి నిలబడకూడదని ఒక కట్టుబాటు పెట్టుకోండి. నేను చూసినంతలో, పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

గుంపుగా నిలబడటానికీ ఒక పద్ధతుంది. ఎరిక్ హోల్షర్ అని, సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ పెట్టుకునే రీడ్ ద డాక్స్ అనే వెబ్‌సైట్ స్థాపించినవాళ్లలో ఒకరు. ఆయన 2017లో 'ప్యాక్‌మ్యాన్ రూల్' అని ఒకటి రాశారు, ఇప్పుడు చాలా దేశాల కాన్ఫరెన్సుల్లో ప్రారంభంలోనే స్టేజీ మీద చెబుతారు. పాత వీడియో గేమ్‌లో పసుపుపచ్చ బిళ్ల నోరు తెరుచుకుని తిరుగుతుంది చూడండి, అలాగన్నమాట. నలుగురు నిలబడి మాట్లాడుకుంటుంటే వలయం పూర్తిగా మూసేయకుండా ఒక మనిషి పట్టేంత సందు వదలాలి. ఎవరైనా వచ్చి అందులో నిలబడితే అందరూ కాస్త జరిగి ఇంకో సందు వదలాలి. మీ ప్రారంభ సెషన్‌లో ఒక్క నిమిషం ఇది చెప్పండి, వాలంటీర్లు చేసి చూపించండి. జనం నవ్వుతారు. నవ్వినా పరవాలేదు, టీ టైమ్‌లో గుర్తొస్తుంది.

అయితే సందు వదిలినంత మాత్రాన సరిపోదు. వచ్చి నిలబడ్డ మనిషికి మీ మాటల మొదలు, కొస తెలియవు. సినిమా సగంలో వచ్చి కూర్చున్నట్టుంటుంది. అందుకని ఎవరో ఒకరు ఆగి, "మా టీమ్‌లో టెస్టులు రన్ అవడానికి నలభై నిమిషాలు పడుతోందని ఏడుస్తున్నామండీ, మీ దగ్గర ఎలా?" అని కథ అందించాలి. ఆ ఒక్క వాక్యంతో అతను ప్రేక్షకుడు కాకుండా పోతాడు. జవాబు లేకపోయినా నవ్వుతాడు కనీసం. నవ్వాడంటే నిలబడతాడు.

ఇక్కడే ఇంకో చిక్కు. మనవాళ్లు పలకరించినా మొదటి ప్రశ్న "ఏ కంపెనీ?" అనే ఉంటుంది. పెళ్లిలో ఏ తరఫు అని అడిగినట్టు, దురుద్దేశమేమీ లేదు, అలవాటు. కానీ మొన్ననే లేఆఫ్ అయిన మనిషికి, ఇంకా క్యాంపస్ ప్లేస్‌మెంట్ రాని విద్యార్థికి, పిల్లల కోసం నాలుగేళ్లు ఆగి మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్న అమ్మాయికి ఆ ప్రశ్న చెంపదెబ్బలా తగులుతుంది. "ప్రస్తుతానికి చూస్తున్నానండీ" అంటూ బ్యాడ్జ్ వైపు చూపు దించుకోవడం నేను ఎన్నిసార్లు చూశానో. పెద్ద కంపెనీ పేరు చెప్పినవాడికి దక్కే రెండో ప్రశ్న వాళ్లకు దక్కదు, అది వాళ్లకూ తెలుసు. "పొద్దున ఏ టాక్‌కి వెళ్లారు?" అని అడిగి చూడండి. దానికి అందరి దగ్గరా జవాబు ఉంటుంది, బాగోలేదని తిట్టుకోవడానికైనా. బ్యాడ్జ్ మీద కంపెనీ పేరు, కాలేజీ పేరు తీసేయండి. పేరు మాత్రం నాలుగడుగుల దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా వేయండి, రెండు వైపులా వేయండి. ఒక్క కొక్కేనికి వేలాడే బ్యాడ్జ్ ఎప్పుడూ తిరగబడే ఉంటుంది, అవతలి మనిషి పేరు బదులు స్పాన్సర్ లోగో చూస్తూ మాట్లాడాల్సి వస్తుంది.

రంగు బ్యాడ్జ్ విషయంలో మీకు ఎందుకు నచ్చలేదో నాకు అర్థమైంది. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ సమావేశాల్లో కొత్తగా వచ్చేవాళ్ల కోసం ప్రత్యేకంగా పరిచయ సెషన్లు, పాతవాళ్లను తోడుగా ఇచ్చే ఏర్పాటు ఉన్నాయి. కొత్తవాళ్లని గుర్తుపట్టడం అక్కడ పనికొస్తుంది, ఎందుకంటే గుర్తుపట్టాక చేయాల్సిన పని ఎవరిదో ముందే తేలిపోయింది. మన దగ్గర అది లేకుండా మెడలో 'ఫస్ట్ టైమర్' అని తగిలిస్తే అది 'ఫ్రెషర్' అవుతుంది. ఫ్రెషర్ అన్న మాటకు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఎంత చరిత్ర ఉందో మీకు చెప్పక్కర్లేదు. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 1997లో ఏకంగా చట్టమే తెచ్చుకోవాల్సి వచ్చింది. గుర్తు పెట్టాల్సింది కొత్తవాళ్లకు కాదు, పాతవాళ్లకు. "నన్ను ఏదైనా అడగొచ్చు" అని ఒక స్టిక్కర్ చేయించి, నిజంగా మాట్లాడే ఓపిక ఉన్న పాతిక మందికి ఇవ్వండి. ఓపిక లేనివాళ్లకు హోదా చూసి ఇవ్వకండి. అలా చేస్తే మొదటి రోజు మధ్యాహ్నానికే ఆ స్టిక్కర్ విలువ పోతుంది.

ఐస్‌బ్రేకర్ గురించి ఎక్కువ చెప్పను. సగం మంది ఇంకా టిఫిన్ కూడా చేయలేదు. మైకులో "మీ పక్కనున్నవాళ్ల గురించి మూడు సంగతులు తెలుసుకోండి" అంటే తెలిసినవాళ్ల పక్కన కూర్చున్నవాళ్లు నవ్వుకుంటారు, పక్కన ఎవరూ లేనివాళ్లు బాత్రూమ్‌కి వెళ్తారు. ఒంటరిగా ఉండటం హాయిగా అనిపించేవాళ్లూ ఉంటారని మరిచిపోకండి. అమెరికాలో ఆటిజం ఉన్నవాళ్లు 1990లలోనే తమ సమావేశాల్లో రంగు కార్డులు వాడేవారు. ఆకుపచ్చ అయితే వచ్చి మాట్లాడండి అని, పసుపు అయితే తెలిసినవాళ్లయితేనే అని, ఎరుపు అయితే ఇప్పుడు వద్దు అని. దాన్నుంచి ఇప్పుడు చాలా టెక్ కాన్ఫరెన్సులు స్టిక్కర్లు చేసుకుంటున్నాయి. మీరూ చేయొచ్చు, ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకునేలా టేబుల్ మీద పెడితే చాలు. ఇది ఫస్ట్ టైమర్ ముద్ర లాంటిది కాదు, ఎవరికి వాళ్లు ఎంచుకునేది, గంట గంటకీ మార్చుకునేది.

భోజనం దగ్గరికి వద్దాం. అసలు కథ నడిచేది అక్కడే. బఫే లైన్‌లో నిలబడ్డప్పుడు ముందున్న మనిషి, వెనకున్న మనిషి ఎక్కడికీ పోలేరు, పప్పు ఎలా ఉంది, ఆ ఎర్ర పచ్చడి ఏంటి అని నోరు కదిలించడానికి అంతకన్నా మంచి చోటు లేదు. తీరా ప్లేటు నిండాక చుట్టూ చూసి ఎక్కడ నిలబడాలో తెలియని ఆ పది సెకన్లు ఉంటాయి చూడండి, కొత్తవాళ్ల కాన్ఫరెన్స్ మొత్తం ఆ పది సెకన్లలోనే తేలిపోతుంది. గోడ వైపు తిరిగి పెరుగన్నం తినేసిన మనిషి మరుసటి ఏడు రాడు. కాబట్టి కొన్ని టేబుళ్ల మీద కాగితం మడిచి పెట్టండి: "డేటాబేస్ కష్టాలు", "ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లు", "మొదటి ఓపెన్ సోర్స్ పని", "టెక్ తప్ప ఏదైనా". ఒక్కో టేబుల్‌కి ఒక వాలంటీరో స్పీకరో ముందే కూర్చుని ఉండాలి. ఖాళీ టేబుల్ దగ్గరికి ఎవరూ రారు. స్పీకర్లకు విడిగా గది, విడిగా భోజనం పెట్టే అలవాటు ఉంటే మానేయండి. టాక్‌కి ముందు కాసేపు కూర్చోవడానికి గది సరే, భోజనం మాత్రం అందరితోనే.

మాటల్లో జాగ్రత్త కూడా చెప్పాలి. న్యూయార్క్‌లో రికర్స్ సెంటర్ అని ప్రోగ్రామర్లు కొన్ని వారాల పాటు కలిసి ఉండి నేర్చుకునే చోటు ఉంది. వాళ్లు పెట్టుకున్న నాలుగు నియమాల్లో ఒకటి, ఎదుటివాళ్లకు ఏదైనా తెలియదంటే ఆశ్చర్యం నటించకూడదని. "అయ్యో, డాకర్ తెలియదా!" అనే ఆ 'అయ్యో' ఉంది చూశారూ, అదే. మనవాళ్ల నోటి నుంచి అది వెటకారంగా కూడా రాదు, ప్రేమగానే వస్తుంది. కానీ విన్నవాళ్లు ఇంకో ప్రశ్న అడగరు. ప్రశ్నోత్తరాల టైమ్‌లో మైకు లాక్కుని "ప్రశ్న కాదు, చిన్న కామెంట్" అని ఏడు నిమిషాలు మాట్లాడే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మోడరేటర్‌కి వాళ్లను ఆపే అధికారం ఇవ్వండి, ధైర్యం కూడా ఇవ్వండి. మైకు పట్టుకోవడానికి భయపడేవాళ్ల కోసం చీటీలు పెట్టండి, మొదటి రెండు ప్రశ్నలు చీటీల నుంచే చదవండి.

చీటీ తెలుగులో రాసినా తీసుకోండి. తెలుగు మీడియంలో చదివి, కోడ్ బాగానే రాసి, ఇంగ్లిషులో నోరు పెగలక వెనక వరసలో ఉండిపోయే పిల్లలు మనకు చాలామంది ఉన్నారు. వాళ్లతో మీరు తెలుగులో మొదలుపెడితే ముఖం విచ్చుకుంటుంది. అదే సమయంలో, మీది హైదరాబాద్. గుంపులో అస్సాం నుంచి వచ్చినవాళ్లో, తమిళనాడు నుంచి వచ్చినవాళ్లో ఒక్కరున్నా తెలుగులోనే సాగదీస్తే వాళ్లకు మళ్లీ అదే గోడ. సార్, మేడమ్ పిలుపుల గురించి నన్ను తరచూ అడుగుతుంటారు. పేరు పెట్టి పిలవమని ఒత్తిడి చేయకండి, మన పిల్లలకు నోరు రాదు. అన్నా, అక్కా అంటే అననివ్వండి. మాట సాగితే చాలు, సార్ దానంతటదే రాలిపోతుంది.

స్టేజీ మీద ఎవరూ మాట్లాడని చిన్న సంగతి ఒకటి ఉంది, సామాన్లు. శ్రీకాకుళం నుంచో అనంతపురం నుంచో రాత్రి ప్రయాణం చేసి వచ్చిన విద్యార్థి హోటల్ గది తీసుకోడు. ముఖం కడుక్కుని నేరుగా వస్తాడు. రోజంతా ఆ బ్యాగ్ మోస్తూ తిరుగుతాడు, లేదా దాని కాపలాగా ఒక కుర్చీకి అతుక్కుపోతాడు. బ్యాగ్ ఉన్న మనిషి గుంపుల్లో కలవడు, నా అనుభవంతో చెబుతున్నాను. ఒక గది, ఒక టోకెన్ పుస్తకం, ఒక వాలంటీర్ చాలు. వచ్చినవాళ్లకు ఉచితంగా పంచే స్వాగ్ కిట్‌లో ఎవరూ వాడని ఆ ప్లాస్టిక్ సీసా మానేసి, ఆ డబ్బుతో పదిమంది విద్యార్థులకు బస్సు చార్జీలివ్వండి. ఆ సీసాల మీద నాకు వ్యక్తిగతంగా కక్ష ఉంది, ఇంట్లో పదకొండున్నాయి.

ఆడపిల్లల విషయం. మీ ఉత్తరంలో ఆ మాట లేదు గానీ, ఆ ఫారం రాసింది అమ్మాయే అయితే నేనేమీ ఆశ్చర్యపోను. ప్రవర్తనా నియమావళి రాసి పెట్టడం, ఫిర్యాదు చేయాల్సిన మనిషి ఎవరో ఫొటోతో సహా తెలియజేయడం ఇప్పుడు ఎక్కడైనా కనీస పని. సాయంత్రం పార్టీ ఎన్నింటికి ముగుస్తుందో, హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో కలిపి ఆలోచించండి. అయితే భద్రత ఒక్కటే చూసి ఆగిపోకండి. అమెరికాలో జరిగే పైథాన్ లాంగ్వేజ్ కాన్ఫరెన్స్ పైకాన్‌లో 2011లో మాట్లాడినవాళ్లలో మహిళలు ఒక శాతం దరిదాపుల్లో ఉండేవారు, 2016 నాటికి అది 40 శాతం అయింది. ప్రపోజల్స్‌కి ఆహ్వానం అని బోర్డు పెట్టి ఎదురుచూస్తే జరిగింది కాదది. నిర్వాహకులు ఒక్కొక్కరిని విడిగా అడిగారు, మీరు చేసిన ఫలానా పని గురించి మాట్లాడండి అని. ప్రపోజల్ ఎలా రాయాలో కూర్చోబెట్టి సాయం చేశారు. "అందరూ రండి" అంటే ఎవరినీ పిలవనట్టే. బొట్టు పెట్టి పిలిస్తేనే వస్తారు, ఇది మనకు ఒకరు నేర్పాలా?

ఇప్పుడు నా టేపు చుట్ట దగ్గరికి మళ్లీ వస్తాను, మీకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది అదే. పెళ్లిలో చుట్టం ఎప్పుడు ఇంటివాడవుతాడు? కుర్చీ వేసి కూర్చోబెట్టినప్పుడు కాదు. "ఆ సాంబారు బకెట్ కాస్త అందుకో" అన్నప్పుడు. చేతిలో గరిటె ఉన్న మనిషి ఎవరి దగ్గరికైనా వెళ్లొచ్చు, ఎవరితోనైనా మాట్లాడొచ్చు, అడిగేవాళ్లు లేరు. రిజిస్ట్రేషన్ ఫారంలో "ఒక గంట సాయం చేస్తారా?" అని ఒక గడి పెట్టండి. ఎంతమంది టిక్ పెడతారో చూసి మీరే ఆశ్చర్యపోతారు. మైకు అందించడం, టైమ్ అయిందని స్పీకర్‌కి కార్డు చూపించడం, స్పీకర్‌ని గది దాకా తీసుకెళ్లడం లాంటి పనులివ్వండి. ఆ చివరిది బంగారం లాంటి పని: కారిడార్‌లో నడిచే ఆ మూడు నిమిషాల్లో ఎంత పెద్ద స్పీకరైనా పక్కనున్న పిల్లాడితో మాట్లాడాల్సిందే. అయితే గంట అంటే గంటే. కుర్చీలు మోయించి, టాక్స్ అన్నీ పోగొట్టి, చివర్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపడం మాత్రం మోసం.

టెక్నికల్ పని కూడా అంతే. పైకాన్ ఇండియా 2009లో బెంగళూరులో మొదలైంది, 2018లోనూ 2023లోనూ మన హైదరాబాద్‌కి వచ్చింది. టాక్స్‌తో పాటు అక్కడ డెవ్ స్ప్రింట్లు అని ఉంటాయి. ఒక ప్రాజెక్టును చూసుకునేవాళ్లు టేబుల్ దగ్గర కూర్చుంటే, ఎవరైనా వచ్చి పక్కన కూర్చుని ఆ ప్రాజెక్టుకు పని చేయొచ్చు. మీరు సగం పూట అలాంటిది పెట్టండి. కాకపోతే తయారీ ముందే జరగాలి. నెట్ నెమ్మదిగా ఉండి, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అవడానికే రెండు గంటలు పట్టి, చివరికి ఏమీ చేయకుండా లేచిపోవడమే నేను ఎక్కువగా చూశాను. వారం ముందే ఇన్‌స్టాల్ చేసుకోమని మెయిల్ పెట్టండి. చిన్న చిన్న పనులు ఓ ముప్పై విడిగా తీసి పెట్టుకోండి. డాక్యుమెంటేషన్‌లో అచ్చుతప్పు, తెలుగులో లేని ఒక ఎర్రర్ మెసేజ్, పనిచేయని లింకు, ఏదైనా సరే. పక్కన కూర్చున్న మనిషి చూస్తుండగా తన మొదటి పుల్ రిక్వెస్ట్ మెర్జ్ అయిన, అంటే తను చేసిన మార్పు ప్రాజెక్టులో కలిసిన పిల్ల ముఖం ఒకసారి చూడండి, మీ మొహమాటం సగం పోతుంది.

రెండో రోజు సాయంత్రం అయిదు నిమిషాల లైట్నింగ్ టాక్స్ పెడతారు కదా. మూడు స్లాట్లు మొదటిసారి మాట్లాడేవాళ్లకే ఉంచండి. మొదటి రోజే వాళ్లను వెతికి పట్టుకుని, రాత్రి స్లైడ్లు చూసి పెట్టే బాధ్యత ఒకరికి అప్పగించండి.

తరవాతి సంగతి. చాలా కాన్ఫరెన్సులు ఆదివారం సాయంత్రం గ్రూప్ ఫొటోతో చచ్చిపోతాయి. కొత్తవాళ్లందరినీ వాట్సాప్ గ్రూపులో వేస్తే పని అయిపోయిందనుకుంటారు. రోజుకు రెండు వందల మెసేజ్‌లు, అందులో సగం గుడ్ మార్నింగ్ పువ్వులు. మూడో రోజుకే మ్యూట్. దానికన్నా మీరు మాట్లాడిన ఇద్దరికి విడిగా ఒక్కో మెసేజ్ పెట్టండి: "మీరడిగిన లింకు ఇదిగో. వచ్చే నెల మూడో శనివారం మీటప్ ఉంది, వస్తే కలుద్దాం." ముగింపు సభలో వచ్చే మీటప్ తేదీ, చోటు స్క్రీన్ మీద ఉండాలి. ఏడాది ఆగమంటే ఎవరూ ఆగరు.

ఇక మీ మొహమాటం. 2018లో ఎరికా బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు ఒక సంగతి బయటపెట్టారు. కొత్తగా కలిసిన ఇద్దరు మాట్లాడుకున్నాక, అవతలివాళ్లకు నేను అంతగా నచ్చలేదు అనుకోవడం చాలామందిలో ఉందట. విచిత్రం ఏంటంటే అవతలి మనిషీ అదే అనుకుంటున్నాడు, నిజానికి ఇద్దరికీ ఇద్దరూ నచ్చారు. కాబట్టి మాట తడబడిందని ఇంటికెళ్లి కుమిలిపోకండి. మీలాంటి మొహమాటస్తులు ఈ పనికి ఒక రకంగా మంచివాళ్లు కూడా. గలగలా మాట్లాడేవాళ్లు ఎదుటివాళ్లకు సందివ్వరు. మీరు నాలుగు వందల మందినీ పలకరించక్కర్లేదు. విరామానికి ఒక్కరు. గోడ పక్కన ఫోన్ చూసుకుంటున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, "నేను ఇక్కడ వాలంటీర్‌నండీ, ఈ కాఫీ ఎలా ఉందో నిజం చెప్పండి" అనండి. లేదా టేపు చుట్ట ఇవ్వండి.

అన్నట్టు, ఆ బ్యానర్ కట్టినామె అప్పటికి రెండోసారి వచ్చిందట, చాలా ఏళ్ల తరవాత చెప్పింది. పదేళ్ల సీనియర్‌కి ఆ టీ విరామం భయం గుర్తుండదు, నిరుడు పడ్డవాళ్లకు గుర్తుంటుంది. ఈ ఏడు మొదటిసారి వచ్చినవాళ్లలో మళ్లీ వచ్చే ఆ పదిమందికీ స్టిక్కర్లు ముందు ఇవ్వండి.

చివరగా, ఆ బ్యాడ్జ్ ఇచ్చిన అమ్మాయి. రిజిస్ట్రేషన్ కౌంటర్ పదింటికల్లా ఖాళీ అయిపోతుంది, ఆ తరవాత రోజంతా ఆమె మిగిలిన బ్యాడ్జ్‌లు సర్దుకుంటూ అక్కడే కూర్చుని ఉంటుంది. హాల్లో ఉన్న నాలుగు వందల ముఖాల్లో సగం ముఖాలనైనా చూసి, పేరు పెట్టి పిలిచిన మనిషి మీ టీమ్ మొత్తంలో ఆమె ఒక్కతే. వచ్చే ఏడు పదిన్నరకి కౌంటర్ మూసేసి ఆమెను లోపలికి పంపండి. అంతకన్నా ముందు ఆ ఫారంలో తన గురించి ఏం రాశారో ఆమెకు చూపించండి. ఇంకా చూపించి ఉండరు మీరు.